ఉప్పునీటి కింద రబీ వేరుశనగ: తడుల విషయంలో జాగ్రత్తలు

"నీళ్ళకు లోటు చేయలేదు, అయినా చేను ఎదగలేదు" అని కోస్తా ఇసుక నేలల్లో వేరుశనగ వేసిన రైతులు తరచూ అంటుంటారు. ఇలాంటి చోట నీటిలో ఉప్పు ఎంత ఉంది, తడికీ తడికీ మధ్య ఎన్ని రోజులు ఉంచారు అన్నవి చూడాలి.

ఉప్పు ఏం చేస్తుంది?
నేల ఆరేకొద్దీ నీరు తగ్గి, ఉప్పు మిగిలిపోతుంది. అప్పుడు తేమ ఉన్నా వేర్లు దాన్ని తీసుకోలేవు. మొక్క గిడసబారి, ఆకుల అంచులు మాడతాయి. సోడియం ఎక్కువైతే కాయలకు కాల్షియం అందక తాలు పెరుగుతుంది.

విత్తే ముందే నీటి పరీక్ష
మోటారు అరగంట నడిపాక, అదే నీటితో కడిగిన ప్లాస్టిక్ సీసాలో లీటరు నీరు పట్టి పరీక్షకు ఇవ్వండి. ఫలితంలో ఇ.సి. అంకె చూడండి.
• 2 లోపు: వేరుశనగ వేసుకోవచ్చు.
• 2 నుంచి 3: దిగుబడి తగ్గుతుంది. మంచి నీరు కొంతైనా ఉంటేనే వేయాలి.
• 3 దాటితే: వేయకపోవడమే మేలు. 3.3 దగ్గర దిగుబడి సగానికి పడిపోవచ్చు. పొద్దుతిరుగుడు ఇంతకన్నా ఎక్కువ ఉప్పును తట్టుకుంటుంది.

తడులు ఎలా ఇవ్వాలి?
• మంచి నీరు కొద్దిగానే ఉంటే విత్తే ముందు తడికి, మొలక దశకు దాచుకోండి. లేత మొక్క ఉప్పును తట్టుకోలేదు.
• విత్తిన 45-50 రోజుల నుంచి 85-90 రోజుల వరకు ఊడలు దిగి కాయలు ఊరే దశ. తేలిక నేలల్లో మామూలుగా 7-10 రోజులకు ఒక తడి ఇస్తాం. ఉప్పునీరైతే నేల ఆరనివ్వకుండా ఒకటి రెండు రోజులు ముందే పలుచగా ఇవ్వాలి.
• అలాగని అవసరానికి మించి పెట్టకూడదు. ఇ.సి. 2 ఉన్న నీటితో ఎకరాకు 5 సెంటీమీటర్ల తడి ఇస్తే సుమారు 250 కిలోల ఉప్పు పొలంలో చేరుతుంది. మురుగు కాలువలు తీసి, మంచి నీరు దొరికినప్పుడు ఒక భారీ తడితో ఉప్పును కిందికి దించాలి.
• స్ప్రింక్లర్లను ఎండ వేళ వాడితే ఆకులపై ఉప్పు పేరుకుని మాడతాయి. సాయంత్రం వాడండి.
• తొలి పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొక్కల మొదళ్ళ దగ్గర వేసి మట్టి ఎగదోయాలి.

దొరువు ఉన్న రైతులకు
దొరువులో మంచి నీరు పైన తేలి, ఉప్పునీరు అడుగున ఉంటుంది. పెద్ద మోటారుతో ఒకేసారి తోడితే అడుగు నీరు పైకి వస్తుంది. చిన్న మోటారుతో, విరామం ఇస్తూ తోడుకోండి.