అయిదేళ్లకోసారి అని రాసుకున్నాక

1989 అక్టోబరు 13. రాజ్యసభలో డివిజన్ గంట మోగింది. లాబీల తలుపులు మూశారు. ఓటింగుకు వచ్చినవి రెండు రాజ్యాంగ సవరణ బిల్లులు. 64వది పంచాయతీలకు, 65వది మునిసిపాలిటీలకు. లోక్‌సభలో రాజీవ్ గాంధీకి ఎదురే లేకపోయింది. పెద్దల సభలో మాత్రం మూడింట రెండొంతుల మద్దతు దొరకలేదు. కొద్ది ఓట్ల తేడాతో రెండూ వీగిపోయాయి.

ఓడించినవాళ్లు స్థానిక ఎన్నికలకు శత్రువులేం కారు. రాష్ట్రాలను పక్కకు నెట్టి ఢిల్లీ నేరుగా ఊళ్లలోకి దిగుతోందన్నది ఎన్టీఆర్ నాయకత్వంలోని నేషనల్ ఫ్రంట్ అభ్యంతరం. సమితులను రద్దుచేసి మండలాలు తెచ్చిన ముఖ్యమంత్రికి ఆ అనుమానం రావడంలో వింతేముంది? పైగా సాధారణ ఎన్నికలు ముంగిట్లో ఉన్నాయాయె.

మూడేళ్లు తిరిగాయి. ప్రధాని పీవీ, సొంత మెజారిటీ లేదు. పంచాయతీల బిల్లును సభ ముందుకు తెచ్చింది మన పెద్దపల్లి ఎంపీ జి.వెంకటస్వామి, పట్టణాలది షీలా కౌల్. బాబ్రీ మసీదు కూలి పదహారు రోజులే అయింది, దేశం అట్టుడుకుతోంది. అంతటి గొడవలోనూ 1992 డిసెంబరు 22న లోక్‌సభ, మర్నాడు రాజ్యసభ రెండింటికీ సరేనన్నాయి.

పట్టణాల చట్టంలో 243యు అధికరణం చూడండి. పాలకవర్గానికి అయిదేళ్లు, అంతకు మించి వీల్లేదు. గడువు తీరకముందే ఎన్నిక పూర్తికావాలి. అదే చట్టం ప్రకారం మూడో వంతు సీట్లు మహిళలకు. ఎన్నికల నిర్వహణ రాష్ట్ర ఎన్నికల సంఘానిది. వార్డులు ఎలా విడదీయాలో మాత్రం రాష్ట్రాలకే వదిలేశారు. కిటుకంతా అక్కడే ఉందని నా అనుమానం.

పట్టణాల బిల్లే 74వ సవరణగా 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. హైదరాబాద్‌లో 1986లో గెలిచిన కౌన్సిల్ దిగిపోయాక మళ్లీ ఓట్లు పడింది 2002లో! అన్నేళ్లూ స్పెషలాఫీసర్ పాలనే. నల్లా రాకపోతే పాతబస్తీ మనిషి తలుపు తట్టడానికి కార్పొరేటర్ లేడు, సర్కిల్ ఆఫీసు మెట్లెక్కాల్సిందే. 2002లో జనం నేరుగా ఓటేసి తీగల కృష్ణారెడ్డిని మేయర్‌ని చేశారు.

అయిదేళ్ల గడువు దాటనివ్వొద్దని 2006లో అహ్మదాబాద్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. అయినా 2014 చివర్లో గడువు తీరిన గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ (జీహెచ్ఎంసీ)కి ఎన్నికలు జరిగింది 2016 ఫిబ్రవరి 2న. వార్డుల పునర్విభజన అన్నారు. తీరా చూస్తే వార్డులు 150కి 150 గానే మిగిలాయి.