చీరాల–పేరాల పురపాలక వివాదము

చీరాల, పేరాల యనునవి యొండొంటి నానుకొనియున్న రెండు గ్రామములు. 1919 నాటికి గుంటూరు మండలమున బాపట్ల తాలూకాలో నుండెను. నేతపనికి చీరాల చిరకాలముగా పేరెన్నిక గన్నది. జనులలో పెక్కండ్రు మగ్గమును నమ్ముకొన్నవారు. ఏనాడు నేసిన గుడ్డతో ఆనాటి గ్రాసము గడుపుకొను సంసారములకు పన్ను చిన్నదైనను చిన్నది కాదు. ఈ వివాదమున నిది మొదట గమనింపదగిన సంగతి.

తొలుత నీ గ్రామములు, ఇరుగుపొరుగుననున్న జాండ్రపేట, వీరరాఘవపేటలతో గూడి, యొక యూనియనుగా నుండెను. యూనియనునకు జనులు చెల్లించుచుండిన పన్ను ఏటికి సుమారు 4,000 రూపాయలు. 1919లో చెన్నపురి ప్రభుత్వము చీరాల పేరాలలను గలిపి పురపాలక సంఘముగా నేర్పరచెను. పన్ను పలురెట్లు పెరిగెను. జనసంఖ్య 15,000 దాటిన నేతపట్టణమునకు పారిశుద్ధ్యము వలయునను ప్రభుత్వవాదము త్రోసిపుచ్చదగినది కాదు. కాని యా సౌకర్యములకు వెల యిచ్చుకొనవలసినవారిని ముందుగా నడిగినవారు లేరు. గ్రామస్థులు అర్జీలు పంపిరి, సభలు చేసిరి. ఫలము కలుగలేదు.

ఇట్టి సమయమున దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వారికి నాయకుడయ్యెను. ఈయన 1889లో కృష్ణా మండలమున పెనుగంచిప్రోలున జన్మించి, ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టమందెను. ఆనందకుమారస్వామితో గలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లీకరించెను. ఆ గ్రంథము 1917లో వెలువడెను. నాట్యశాస్త్రమున నింత కృషిచేసిన పండితుడు ఇంటిపన్నుల తగవులో దిగుట కొందఱకు వింతగా దోచవచ్చును. కాని జానపదుల యాటపాటలను, కథలను ఎఱిగినవాడగుటచేతనే వారితో వారి మాటలలో మాటాడగలిగెను. ఆయన కూర్చిన స్వచ్ఛందసేవకుల దళమునకు రామదండని పేరు. ఆ పేరునకు వ్యాఖ్యానము వినగోరిన నేతగాడు చీరాలలో నుండియుండడు.

1921 ఆరంభమున పురపాలక సభ్యులు రాజీనామా లిచ్చిరి. ప్రభుత్వము తాను నియమించిన యధికారిచే పాలన నడపించెను. పన్ను చెల్లింపనివారిపై నేరములు మోపబడెను. శిక్షనొందినవారిలో ఒక స్త్రీయు గలదు. అప్పటికి స్థానిక స్వపరిపాలనము మంత్రుల కప్పగింపబడిన శాఖ. ఆ మంత్రి పానగల్లు రాజా, తెలుగువాడు, విద్వాంసుడు. ఆయన స్వయముగా చీరాలకు వచ్చెను గాని పొందిక కుదరలేదు. జనులు వలదన్న స్వపరిపాలనమును జనప్రతినిధియగు మంత్రియే నిలువబెట్టవలసివచ్చుట ఆనాటి రాజ్యాంగసంస్కరణలలోని వైపరీత్యము.

బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైన పిమ్మట, 1921 ఏప్రిలు 6వ తేదీన గాంధి చీరాలకు వచ్చెను. శాంతముతో పన్ను నిరాకరించుట యొకటి, పురపాలక పరిధిని విడిచిపోవుట యొకటి, ఇట్లు రెండు త్రోవలు చూపి నిర్ణయమును వారికే వదలెను. వారు రెండవ దానిని గైకొనిరి.

పన్నుబాధకు తాళలేక యూరు విడుచుట మన దేశమున క్రొత్తగాదు. విజయనగర కాలపు శాసనములలోను రైతులు వలసపోయిన ప్రస్తావములు గలవు. అయితే పూర్వులు మఱియొక దొర నేలకు బోయిరి. చీరాలవారు పొలిమేర దాటి యచ్చటనే నిలిచిరి. తమ యిండ్లు కన్నుల కగపడుచుండగనే పాకలు వేసికొని, ఆ పల్లెకు రామనగరమని పేరిడిరి. ఏప్రిలు మాసాంతపు టెండలలో, పసిబిడ్డలతో, మగ్గములతో 13,000 మందికి పైగా తరలిరి. తగవులు వచ్చిన తామే పంచాయతీ జరుపుకొనిరి. పన్ను వేయుటకు ఇండ్లుండెను గాని యిచ్చువారు లేరైరి. ఇంతమందిని బోషించుటకు ధనము కావలసియుండెను. దానికై గోపాలకృష్ణయ్య యూరూర దిరిగెను.

ఈ తిరుగుడే వాక్కుపై నిర్బంధమునకు దారితీసెను. 1921లో ఆయన, అప్పుడు చెన్నపురి రాజధానిలోని గంజాము మండలమునకు జేరిన బరంపురమునకు బోగా, బహిరంగసభలలో ప్రసంగింపరాదని యధికారు లుత్తరువిచ్చిరి. పన్ను చీరాలది, నిషేధము బరంపురమున! చీరాల జనులు పోరాడుచుండినది పన్ను పెంచుట తమ్మడుగక చేసిరని. ఆ మాట పరులకు జెప్పుటయు నేరమైనచో నిక చేయదగిన దేమి? గోపాలకృష్ణయ్య యుత్తరువును మీఱి మాటాడెను. ఏడాది శిక్షపడగా తిరుచిరాపల్లి చెఱసాలకు బంపబడెను.

నాయకుడు లేకున్నను రామనగరము కొన్నినెలలు నిలిచెను. వానలలో పాకల బ్రదుకు కష్టమయ్యెను, నిధులు తరిగెను. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా దుర్ఘటన పిమ్మట దేశమంతట సహాయనిరాకరణ మాపివేయబడెను. సుమారు పదునొకండు మాసములు వెలియుండిన జనులు మరలి తమ యిండ్లు చేరిరి. పురపాలక సంఘము తొలగలేదు, పేరాల విడివడలేదు. గోపాలకృష్ణయ్య యప్పటికి నింకను చెఱలోనే యుండెను. 1928 జూను 10వ తేదీన, క్షయవ్యాధిచే, ముప్పదితొమ్మిదవయేట మరణించెను.