డిస్కుకు సొంత పేరు వచ్చిన కథ

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉన్న రోజులలో ఆదిలాబాదు జిల్లా వాహనములకు ఏపీ 01 అనియు, కరీంనగరము వాహనములకు ఏపీ 15 అనియు గుర్తు సంఖ్యలుండెను. ఆదిలాబాదునకు ఒకటవ సంఖ్య ఏ ఘనతవలననో రాలేదు. జిల్లాల పేర్లను ఇంగ్లీషు అక్షరక్రమమున వ్రాసినప్పుడు అది మొదట నిలిచినది, అంతే. 2014లో తెలంగాణ ఏర్పడగా పట్టిక పొట్టిదయ్యెను. ఆదిలాబాదు టీఎస్ 01గా నిలువగా, కరీంనగరము 15 నుండి 02కు వచ్చెను. 2016 అక్టోబరు 11న జిల్లాలను విభజించిన పిమ్మట నిర్మలుకు 18, మంచిర్యాలకు 19 వచ్చినవి. 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చినది. ఊళ్లు ఉన్నచోటనే ఉన్నవి. వాటి సంఖ్యలు మారినవి. కాని కర్మాగారమువారు బండి చాసిస్‌పై కొట్టిన సంఖ్య ఎన్ని రాష్ట్రములు ఏర్పడినను మారదు.

కంప్యూటరునకు తగిలించిన డిస్కులకును ఇట్టి గుర్తులు రెండు విధములు. ఒకటి, డిస్కు ఉన్న చోటును లేక వరుసను బట్టి యంత్రము పెట్టునది. రెండవది, డిస్కుతో పుట్టి డిస్కుతో పోవునది. యంత్రములు మొదటిదానిని నమ్ముకొని చాలకాలము పనిచేసినవి. రెండవదాని అవసరము అనుభవముమీద గాని తెలిసిరాలేదు.

మొట్టమొదట ఈ చిక్కే లేదు. 1956లో ఐబీఎం సంస్థ తెచ్చిన రామాక్ యంత్రపు డిస్కులో 24 అంగుళముల వ్యాసముగల పళ్లెములు 50 ఉండెను. అన్నియు కలిసి దాచినది 50 లక్షల అక్షరములు. బీరువావంటి ఆ పెట్టెను గుర్తించుటకు మనిషి కన్ను చాలును.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్, డెనిస్ రిచీ మొదలగువారు 1969లో యూనిక్స్ వ్యవస్థను ఆరంభించిరి. అందులో ప్రతి పరికరమును ఒక ఫైలువలె చూపుట వారి యుక్తి. ఆ ఫైళ్లన్నియు ‘డెవ్’ అను ఒక్క చోట ఉండును. 1971 నవంబరునాటి యూనిక్స్ తొలి కరదీపికలోనే ‘ఆర్‌కే0’ వంటి డిస్కు పేర్లు కనబడును. ఆర్‌కే యనునది డిస్కు జాతి. సున్న దాని వరుస. ఆజ్ఞలను టైపుచేయు మనిషికి ఇది ఎంతో సుళువు. కాని ఆ పేరు డిస్కుది కాదు, అది కూర్చున్న కుర్చీది.

డిస్కును నేరుగా ‘నీవెవరవు?’ అని అడుగు పద్ధతి స్కజీ ప్రమాణముతో స్థిరపడినది. ఇది 1986లో అమెరికా జాతీయ ప్రమాణమయ్యెను. ఒకే కేబులుపై 0 నుండి 7 వరకు ఎనిమిది స్థానములు. ఒకటి కంప్యూటరుకు పోగా మిగిలినవి పరికరములకు. ‘ఇంక్వైరీ’ అను ఆజ్ఞ పంపినచో డిస్కు తన తయారీదారు పేరును 8 అక్షరములలో, నమూనాను 16 అక్షరములలో, కూర్పును 4 అక్షరములలో చెప్పును. ఇందులో ఒక లోటున్నది. ఒకే నమూనా డిస్కులు రెండున్నచో రెండును ఒకే జవాబిచ్చును, కవల పిల్లలు ఇంటిపేరు మాత్రమే చెప్పినట్లు. సీరియల్ సంఖ్యను వేరుగా అడుగవలెను. 1994లో ప్రమాణమైన ఏటీఏ డిస్కులు ఈ విషయమున మెరుగు. వాటి జవాబులో నమూనాకు 40 అక్షరములతోపాటు సీరియల్ సంఖ్యకు 20 అక్షరముల చోటును ఉన్నది.

జవాబు దొరుకుచున్నను పేర్లు పాతపద్ధతినే సాగినవి. 1991లో పుట్టిన లినక్స్ స్కజీ డిస్కులకు కనబడిన వరుసలో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అని పేర్లు పెట్టెను. మూడు డిస్కులలో నడిమిది చెడి మేల్కొననిచో, మరుసటిసారి యంత్రమును ఆరంభించినప్పుడు మూడవదే ఎస్‌డీబీ యగును. కరీంనగరము 15 నుండి 02కు వచ్చినట్లే.

దీనివలన నష్టమేమని అడుగవచ్చును. 1998 నవంబరు 4న ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషను శాఖలో ‘కార్డ్’ పథకము 214 కార్యాలయములలో ఆరంభమైనది. అంతకుముందు గుమాస్తాలు ఏండ్లతరబడి పుస్తకములను తిరగవేసి ఇచ్చెడి ఈసీ కంప్యూటరునుండి రాసాగెను. 2020లో ధరణి, 2025లో భూభారతి సాగుభూముల లెక్కలకు వచ్చినవి. రైతు పొలము లెక్క కాగితమునుండి డిస్కుమీదికి చేరినదన్నమాట.

ఇట్టి లెక్కలను ఒకే డిస్కుపై ఉంచుట ప్రమాదము గనుక, రెండు డిస్కులపై ఒకే నకలు వ్రాయుట వాడుక. 1988లో బర్క్‌లీ శాస్త్రజ్ఞులు ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ వర్ణించిన రెయిడ్ పద్ధతులలో ఇది మొదటిది. ఎస్‌డీబీ చెడినదని సర్వరు తెలిపినదనుకొందము. పనివాడు ఎడమనుండి రెండవ అరలోని డిస్కును లాగివేయును. అది మంచి డిస్కు అయినచో మిగిలినది చెడినదే! రెండు నకళ్లుంచిన జాగ్రత్త ఒక్క నిమిషములో వ్యర్థమగును. యంత్రము అబద్ధమాడలేదు, అది వరుస చెప్పగా మనిషి దానిని అరగా భావించెను.

2003లో లినక్స్‌కు వచ్చిన యూడెవ్ అను పరికరము ఈ చిక్కును చాలవరకు విడదీసెను. డిస్కు నమూనా, సీరియల్ సంఖ్య కలిపిన మారుపేర్లు ‘బై-ఐడీ’ అను చోట చేరినవి. కొన్ని డిస్కులపై ప్రపంచమున మరొకదానికి లేని 64 బిట్ల సంఖ్యను అచ్చువేసిన చీటియు ఉండును. ఎస్‌డీ పేర్లు పోలేదు, వాటి పక్కన సొంత పేర్లు నిలిచినవి.

నేడు ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే’ ఆజ్ఞకు పేరు, పరిమాణము, నమూనా, సీరియల్ అను నాలుగు అంశములు జోడించిన ఒక్క పంక్తిలో సర్వరుకు కనబడు డిస్కుల జాబితా వచ్చును. రెయిడ్ కంట్రోలరు నడుమ నిలిచిన సర్వరులో మాత్రము ఇది చాలదు. కంట్రోలరు అయిదారు డిస్కులను ఒకే డిస్కుగా చూపి, తన పేరునే నమూనాగా చెప్పును. అప్పుడు ‘స్మార్ట్‌సీటీఎల్’ ఆజ్ఞకు కంట్రోలరు జాతిని, దాని వెనుక డిస్కు సంఖ్యను తెలిపి ఒక్కొక్కదానిని అడుగవలెను. పెట్టెకు ఆ వసతియున్నచో ‘ఎల్ఈడీసీటీఎల్’ ఆజ్ఞతో కావలసిన అర ముందు దీపమును వెలిగింపవచ్చును. ఆ వసతి లేనిచోట అనుభవజ్ఞులు డిస్కును బిగించునాడే సీరియల్ సంఖ్యలోని చివరి నాలుగు అక్షరములను చీటిపై వ్రాసి అర తలుపునకు అంటించి ఉంచుదురు.