పట్టు తూకము - తగరపు మోసము

పట్టునేత నెఱిగిన మనకు తూకపు సంగతి క్రొత్తగాదు. ముడిపట్టును సబ్బునీట నుడికించి జిగురు తీసినచో బరువులో సుమారు నాలుగవ పాలు తఱుగును. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాలోని అద్దకపువారు ఈ లోటును పూడ్చుటకై పట్టును తగర లవణపు నీటను, పిదప ఫాస్ఫేటు, సిలికేటు ద్రావణములందును ముంచుచు వచ్చిరి. లోటు పూడ్చుటతో మొదలైన పని క్రమముగా పట్టు బరువును మించిన బరువు నెక్కించువఱకు బోయెను. అట్టి వస్త్రము చూపునకు నిండుగా నుండును గాని, కాలక్రమమున మడతలవెంట చినుగును. కొన్నవారు నిందించునది నేతగానినే గదా!

దీనిని పరీక్షించు నుపాయము సులభము. ఆరిన వస్త్రఖండమును తూచి, మూసలో బూడిదయగువఱకు కాల్చి, మరల తూచవలెను. శుద్ధమైన పట్టు మిగుల్చు బూడిద మిక్కిలి స్వల్పము. తగరమెక్కినది కాలినను నేతరూపు చెడక నిలుచును. బూడిదలోని తగరము ఆమ్లజనితో కూడియుండును గనుక లోహపు లెక్కకు సవరణ వలయును. నేడు ఎక్స్‌రే యంత్రములచే గుడ్డను కాల్చకయే లోహమును కొలుచుచున్నారు. 1938లో అమెరికా ప్రభుత్వపు వర్తక సంఘము, బరువెక్కించిన పట్టును ఆ సంగతి తెలిపియే యమ్మవలెనని నియమము చేసెను.

శాసనము వచ్చువఱకు వేచియుండుట మనకు తగదు. పోగులో నిజమున్ననే వృత్తికి గౌరవము నిలుచునని మేము విన్నవించుచున్నాము.