ఫైబర్‌గ్లాస్ ప్యానెళ్లపై పెయింట్ పొక్కులు

పాత కార్ల పునరుద్ధరణలో తరచూ ఎదురయ్యే లోపం ఇది. పగిలిన ఫైబర్‌గ్లాస్ భాగానికి బదులు బిగించిన కొత్త ప్యానెల్ మీద పెయింట్ కొన్ని వారాలకో నెలలకో బుడగలుగా లేస్తుంది. రేకు బాడీ కారులో పొక్కు లేచిందంటే ముందుగా తుప్పునే అనుమానిస్తారు. ఫైబర్‌గ్లాస్‌కు తుప్పు పట్టదు కాబట్టి ఇక్కడ కారణాలు వేరు. పొక్కు రంగులో కనబడినా, దాని మూలం చాలాసార్లు ప్యానెల్ లోపలే ఉంటుంది. ఆ మూలం తెలుసుకోకుండా గీకి మళ్లీ రంగు కొడితే అదే చోట మళ్లీ పొంగుతుంది.

నేపథ్యం

షెవర్లే మొదటి కార్వెట్ 1953 జూన్ 30న అమెరికాలోని ఫ్లింట్‌లో తయారైంది. ఆ ఏడాది వచ్చిన 300 కార్లకూ ఫైబర్‌గ్లాస్ బాడీయే. 1957 లండన్ మోటార్ షోలో కనిపించిన లోటస్ ఎలీట్‌లో విడిగా ఛాసిస్ లేదు, బరువంతా ఫైబర్‌గ్లాస్ బాడీయే మోసేది. బెంగళూరుకు చెందిన సిపానీ సంస్థ 1980ల్లో అమ్మిన డాల్ఫిన్ కూడా ఫైబర్‌గ్లాస్ కారే.

ఇలాంటి కార్లకు కంపెనీ భాగాలు దొరకనప్పుడు చిన్న వర్క్‌షాపులు అచ్చు తీసి చేత్తో చేసిన ప్యానెళ్లే దిక్కు. కార్వెట్ కంపెనీ ప్యానెళ్లలో ఎక్కువ భాగం జంట అచ్చుల మధ్య వేడితో నొక్కి చేసినవి. అవి రెండు వైపులా నునుపుగా ఉంటాయి, జెల్‌కోట్ అనే పైపొర రెజిన్ పూత ఉండదు. చేత్తో చేసిన ప్యానెల్‌కు బయటివైపే నునుపు, లోపలివైపు గాజు పీచు గరుకుగా తగులుతుంది. దాని తయారీలో మొదట అచ్చుకు మైనం పట్టించి, దానిపై సుమారు అర మిల్లీమీటరు మందాన జెల్‌కోట్ పూస్తారు. ఆ వెనుక గాజు పీచు చాప పరిచి పాలియెస్టర్ రెజిన్‌తో తడుపుతారు.

కారణాలు

గాలి గుల్లలు: పీచును రోలర్‌తో సరిగా అదమకపోతే జెల్‌కోట్ వెనుక గాలి చిక్కుకుంటుంది, ముఖ్యంగా అంచులు, మలుపుల దగ్గర. ముదురు రంగు కారు ఎండలో నిలబడితే దాని ఉపరితలం 70 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కగలదు. 25 డిగ్రీల దగ్గర చిక్కిన గాలి ఆ వేడికి దాదాపు 15 శాతం వ్యాకోచించాలని చూస్తుంది. అదే వేడికి పెయింట్ కూడా మెత్తబడుతుంది కనుక పైకి లేస్తుంది.

పచ్చిగా మిగిలిన రెజిన్: రెజిన్‌లో సాధారణంగా 1 నుంచి 2 శాతం హార్డెనర్ కలుపుతారు. అది తక్కువైనా, గది చల్లగా ఉన్నా రెజిన్ పూర్తిగా గట్టిపడదు. రెజిన్‌లో మిగిలిన స్టైరీన్ అనే ద్రవం తర్వాత ఆవిరై పెయింట్‌ను నెడుతుంది.

మైనం: అచ్చు నుంచి అంటుకొచ్చిన మైనాన్ని తుడవకుండా ఎమరీ పేపర్ పడితే అది గీతల్లోకి దిగిపోతుంది. దాని మీద ప్రైమర్ పట్టు నిలవదు.

థిన్నర్: ఒక పూత ఆరకముందే మరొకటి కొడితే థిన్నర్ కింద చిక్కుకుంటుంది. జెల్‌కోట్ అరిగి పీచు బయటపడిన చోట ఆ పీచు థిన్నర్‌ను పీల్చుకుంటుంది.

తేమ: నీరు నెమ్మదిగా లోపలికి ఇంకి, రెజిన్‌లో కరిగే పదార్థాలను కలుపుకుంటుంది. ఎండుద్రాక్ష నీళ్లలో ఉబ్బినట్టు, ఆ చిక్కని ద్రావణం మరింత నీటిని లాక్కుని పొక్కుగా పెరుగుతుంది. పడవల అడుగుభాగాల్లో ఇది బాగా తెలిసిన సమస్య. కార్లలో అరుదు.

మూలాన్ని గుర్తించడం

ఒక పొక్కును బ్లేడుతో కోసి చూడాలి. కింద మెరిసే జెల్‌కోట్ బయటపడితే మైనమో, చాలని రాపిడో కారణం. ప్రైమర్ ప్యానెల్‌నే అంటుకుని పై రంగు మాత్రమే లేస్తే లోపం పూతల మధ్య ఉంది. జెల్‌కోట్ పెంకులా ఊడి కింద గుంట కనిపిస్తే అది గాలి గుల్ల. పుల్లని వాసనతో జిగట ద్రవం కారితే తేమను అనుమానించాలి.

మరమ్మతు, నివారణ

గాలి గుల్లను పూర్తిగా తెరిచి, అంచులు వాలుగా అరగదీసి, గాజు పీచు కలిసిన రెజిన్‌తో నింపాలి. పైపై పుట్టీ చాలదు. పాత రంగు తీయడానికి లోహానికి వాడే ఘాటు రిమూవర్లు వద్దు, అవి రెజిన్‌ను కూడా తినేస్తాయి. బ్లేడుతో గీకడం, ఎమరీ పేపర్‌తో రుద్దడం మేలు. గాజు ధూళికి మాస్క్ తప్పనిసరి. ఐసోసైనేట్ అనే హానికర రసాయనం ఉన్న రెండు భాగాల పెయింట్లకు బయటి గాలి అందించే మాస్క్ కావాలి.

కొత్త ప్యానెల్‌ను ముందుగా మైనం తొలగించే ద్రావణంతో కడిగి, ఆ తర్వాతే రుద్దాలి. వంగిపోకుండా కారుకే బిగించి కొన్ని రోజులు ఎండలో ఉంచితే రెజిన్ మరింత గట్టిపడుతుంది, దాగిన గుల్లలు ఉబ్బి కనిపిస్తాయి. వాటిని పూడ్చి, ఎపాక్సీ ప్రైమర్ పట్టించి, ప్రతి పూతకూ ఆరే సమయం ఇవ్వాలి. ఈ దశలో బయటపడిన గుల్ల ఆ చోటు మరమ్మతుతో సరిపోతుంది. రంగు వేశాక బయటపడితే ఆ ప్యానెల్ పని అంతా మొదటి నుంచి చేయాల్సి వస్తుంది.