అబుధాబి పగడాలు: ఉమ్మడి పరిశోధన ఎంతవరకు రుజువు చేసింది?

ఎండాకాలంలో అబుధాబి తీరాన సముద్రపు నీరు 35, 36 డిగ్రీల సెల్సియస్ దాకా కాగుతుంది. చాలా సముద్రాల్లో నీరు 30, 31 డిగ్రీలు దాటి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడాలు తెల్లబారి చనిపోవడం మొదలవుతుంది. ఇక్కడి పగడాలు మాత్రం ఆ వేడిలోనే బతుకుతున్నాయి. అరబ్బులు అరేబియన్ గల్ఫ్ అని పిలుచుకునే ఈ పర్షియన్ గల్ఫ్ సగటు లోతు దాదాపు 35 మీటర్లే. ఆవిరి ఎక్కువ, వచ్చి కలిసే మంచినీరు తక్కువ. అందుకే లీటరు నీటిలో 40 గ్రాములకు మించి ఉప్పు ఉంటుంది. చలికాలంలో ఇదే నీరు 20 డిగ్రీల కిందికి దిగిపోతుంది.

ఇంత ఒడుదొడుకును తట్టుకునే శక్తి ఈ పగడాలకు ఎక్కడి నుంచి వచ్చింది? దాన్ని మిగతా సముద్రాల పగడాలకు అందించగలమా? యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో పదిహేనేళ్లుగా పలు దేశాల శాస్త్రవేత్తలు కలిసి ఈ రెండు ప్రశ్నల మీద పనిచేస్తున్నారు. మొదటి ప్రశ్నకు జవాబు చాలావరకు చిక్కింది. రెండోదానికీ చిక్కినట్టే వార్తలు వస్తుంటాయి. ప్రచురితమైన ఆధారాలను వరుసగా చదివితే మాత్రం అంత ధీమాకు చోటు కనిపించదు.

పగడం ఒంటరి జీవి కాదు. దాని కణాల్లో సూక్ష్మశైవలాలు కాపురముంటాయి. అవి ఎండతో ఆహారం తయారుచేసి పగడానికి పెడతాయి. వేడి మితిమీరినప్పుడు ఈ పొత్తు చెడి శైవలాలు బయటికి పోతాయి. తెల్లబారడమంటే అదే. గల్ఫ్ పగడాల్లో ఉండే శైవలాన్ని మొదట్లో ప్రపంచమంతటా కనిపించే మామూలు రకంగానే లెక్కగట్టారు. వాడుకలో ఉన్న జన్యు గుర్తుతో చూస్తే రెండింటికీ తేడా తెలియలేదు మరి. బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం, న్యూయార్క్ యూనివర్సిటీ అబుధాబి శాస్త్రవేత్తలు కలిసి ఇంకా సున్నితమైన గుర్తులతో పరీక్షించాక ఇది వేరే జాతి అని తేలింది. 2015లో 'సైంటిఫిక్ రిపోర్ట్స్' పత్రికలో దానికి 'సింబయోడినియం థర్మోఫిలమ్' అని పేరు పెట్టారు. తర్వాతి వర్గీకరణలో దాని ప్రజాతి పేరు 'క్లాడోకోపియం'గా మారింది. తీరంలో నమూనాలు సేకరించే చేతులు, జన్యువును చదివే చేతులు వేర్వేరు దేశాల్లో ఉన్నాయి. ఒకరు లేకుండా ఇంకొకరి వల్ల అయ్యే పని కాదిది.

ఈ శైవలాన్ని తీసుకెళ్లి వేరే సముద్రాల పగడాల్లో పెడితే సరిపోదా అన్న ఆశ సహజంగానే పుట్టింది. దాన్ని అదుపులో పెట్టినవారు కూడా ఈ బృందంవారే. ప్రయోగశాల తొట్లలో గల్ఫ్ పగడాలను మిగతా సముద్రాల్లో ఉండేపాటి తక్కువ ఉప్పునీటిలో ఉంచి వేడిచేస్తే, వాటి తట్టుకునే శక్తి పోయింది. అంటే ఈ శక్తి వేడి ఒక్కదానికే కాదు, ఆ ఉప్పదనానికీ ముడిపడి ఉంది. 2016లో వచ్చిన మరో పరిశోధన గల్ఫ్ వెలుపల వేల కిలోమీటర్ల తీరం వెంట ఈ శైవలం కోసం వెతికింది. అది, దాని దగ్గరి బంధువులు అక్కడక్కడ, అతి కొద్దిగానే దొరికాయి. మంచుయుగం ముగిశాక సముద్రం పొంగి గల్ఫ్ నిండింది. ఇప్పటి మట్టానికి చేరి సుమారు ఆరువేల ఏళ్లే అయింది. ముందే ఉన్న వైవిధ్యంలోంచి ఈ రకం ఆ కొద్దికాలంలోనే పైకి వచ్చిందని ఆ వ్యాసం వాదన. నాకు ఇది బలమైన వాదనగానే తోస్తుంది.

శైవలాన్ని వదిలి పగడాన్నే మార్చే మార్గం ఇంకొకటి ఉంది. మెదడు మడతల్లా కనిపించే 'ప్లాటిగైరా డీడాలియా' అనే పగడం వసంతకాలంలో పౌర్ణమి దాటిన కొన్ని రాత్రుల్లో అండాలను, శుక్రకణాలను చిన్న ఉండలుగా నీటిలోకి వదులుతుంది. పరిశోధకులు ఆ ఉండలను ఏరి, విడదీసి, హిందూ మహాసముద్రం వైపు తల్లులను గల్ఫ్ తండ్రులతో కలిపారు. అదను తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. 2021లో 'సైన్స్ అడ్వాన్సెస్'లో వచ్చిన ఫలితం ప్రకారం సంకర సంతానంలో వేడిని తట్టుకుని బతకడం 84 శాతం మేరకు పెరిగింది. ఆస్ట్రేలియా, సౌదీ అరేబియా, అమెరికా సంస్థల శాస్త్రవేత్తలూ ఈ పనిలో ఉన్నారు.

ఆ 84 శాతం గరిష్ఠం, సగటు కాదు. పరీక్షకు నిలిచినవి డింభకాలు, ఎదిగిన పగడపు దిబ్బలు కావు. పైగా కొన్ని సంకర కుటుంబాలు వేడికి నిలవలేదు. గల్ఫ్ రక్తం లేని కొన్ని కుటుంబాలు బాగానే నిలిచాయి. ఈ సంగతి రచయితలే స్పష్టంగా రాశారు. నా దృష్టిలో ఆ వ్యాసంలో ముఖ్యమైన మాట అదే. తట్టుకునే జన్యువులు మిగతా సముద్రాల్లోనూ కొంత ఉన్నాయని దాని అర్థం. దూరం నుంచి తెచ్చే ముందు దగ్గర వెతకాలి.

ఇక గల్ఫ్ పగడాలకు చావు లేదనుకుంటే పొరపాటు. 1996, 1998లలోనే ఇక్కడ పెద్దఎత్తున పగడాలు తెల్లబారాయి. 2017లో దక్షిణ గల్ఫ్‌లో గమనించిన పగడాల్లో 94.3 శాతం తెల్లబారాయి. 2018 ఏప్రిల్ నాటికి దాదాపు మూడింట రెండొంతులు చనిపోయాయి. 2017 వేసవిలో వాయవ్యం నుంచి వీచే షమాల్ గాలులు బలహీనపడి నీరు చల్లబడలేదని పరిశీలనలు చెబుతున్నాయి. ప్రపంచానికి విత్తనంగా చూపిస్తున్న పగడం తన ఇంట్లోనే అంచు మీద నిలబడి ఉంది.

ఉమ్మడి పరిశోధన రుజువుకు హద్దులుంటాయని చూపే మరో ఉదాహరణగా, ఇదే దేశంలో సముద్ర జీవసాంకేతికతలో పరిశ్రమలు కలిసిన ప్రయత్నం ఒకటుంది. మస్దార్ ఇన్‌స్టిట్యూట్, బోయింగ్, ఎతిహాద్, హనీవెల్ యూఓపీ కలిసి మస్దార్ సిటీలో 2016లో 2 హెక్టార్ల క్షేత్రం మొదలుపెట్టాయి. సముద్రపు నీటిలో చేపలు, రొయ్యలు పెంచి, ఆ వ్యర్థజలంతో 'సాలికోర్నియా' అనే ఉప్పుమొక్కను పండించి, మిగిలిన నీటిని మడచెట్లకు పారించే పద్ధతి అది. 2019 జనవరిలో ఆ మొక్క గింజల నూనెతో చేసిన ఇంధనం కొంత కలిపి ఎతిహాద్ విమానం అబుధాబి నుంచి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లింది. భీమవరం వైపు రొయ్యల చెరువుల నీరు డ్రెయిన్లలో కలవడం చూసినవారికి ఈ ఆలోచన విలువ ఇట్టే తెలుస్తుంది. అయినా విమానం ఎగరడం ఒక రుజువు, హెక్టారుకు గిట్టుబాటు కావడం వేరే రుజువు. మొదటిది రెండోదానికి బదులు కాదు.

పగడాల దగ్గరికే వస్తే, తోట పెంచే పనులు ఊపందుకున్నాయి. పది లక్షలకు పైగా పగడపు సముదాయాలను పెంచుతామని అబుధాబి పర్యావరణ సంస్థ 2021లో ప్రకటించింది. 2023లో 'జేవన్' అనే 50 మీటర్ల పరిశోధన నౌకను దించింది. ఇవి మెచ్చదగ్గవే. అయితే నాటిన పగడాల్లో ఎన్ని అయిదేళ్లు, పదేళ్లు నిలిచాయి, ఏ వేసవికి ఎన్ని పోయాయి అన్న లెక్క బయటికి రావడమే అసలు పరీక్ష. ఉన్న దిబ్బను కాపాడటం అన్నిటికన్నా చవక. ఖలీఫా పోర్టు కట్టినప్పుడు రాస్ ఘనాదా దిబ్బ మీద బురద పడకుండా 8 కిలోమీటర్ల అడ్డుగట్టు వేశారు. అలాంటి జాగ్రత్త ప్రతి కట్టడానికీ ఉండాలి.

మనకూ ఇందులో పాలు ఉంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ లక్షద్వీప్, అండమాన్, మన్నార్, కచ్ పగడాలకు వేడి ముప్పును ఉపగ్రహ సమాచారంతో ముందుగా హెచ్చరిస్తుంది. అబుధాబితో చదువుల బంధమూ ఉంది, ఐఐటీ ఢిల్లీ 2024 నుంచి అక్కడ పాఠాలు చెబుతోంది. దిబ్బలు కట్టే పగడాలు, ముప్పున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి కాబట్టి అనుమతి లేనిదే సరిహద్దు దాటవు. సమాచారానికి అలాంటి అడ్డు లేదు. మన పగడాల్లో వేడికి నిలిచే కుటుంబాలు ఎక్కడున్నాయో వెతికే పనిని గల్ఫ్ బృందాలతో కలిసి, ఒకే కొలతలతో, కనీసం పదేళ్ల గడువుతో మొదలుపెట్టాలి. ఇందుకు నిధులిచ్చేవారు మూడేళ్ల ప్రాజెక్టుతో సరిపెట్టకూడదని నా విన్నపం.