కబ్ద్ చలి, కడప బొంత

కువైట్ అంటే ఎండలే అనుకుంటారు పిల్లలు. జనవరి రాత్రి కబ్ద్‌లో గొర్రెల దొడ్ల దగ్గర పడుకునేవాళ్లని అడగండి, చలి సంగతి చెప్తారు. అలాంటి పనులకి రాయచోటి, రాజంపేట వైపు నుంచి వచ్చినవాళ్లున్నారు. వాళ్ల ఊళ్లలో చలికి బొంతే ఆసరా.

అమ్మ పాత చీరలు, నాన్న పంచెలు పొరలుగా పరిచి దబ్బనంతో దగ్గర దగ్గరగా కుట్టేవారు. కొత్త గుడ్డ పనికిరాదు. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలుగుడ్డే కావాలి. అందుకే ఒక్క బొంతలో ఇంటిల్లిపాదీ ఉంటారు.

ఎడారి బెదూయిన్ ఆడవాళ్లు గొర్రె, ఒంటె ఉన్నితో నేసే సదుకి కువైట్ నగరంలో ఒక ఇల్లే ఉంది. 2020లో యునెస్కో జాబితాకీ ఎక్కింది. చిరిగితే పారేసే మన బొంతకి అంత భాగ్యం లేదు. పైగా 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చాక లక్షా 70 వేల మందికి పైగా భారతీయులు ఇక్కణ్ణుంచి విమానాల్లో ఇంటికి చేరారు. ఆ హడావిడిలో బొంతలెవరు మోస్తారు?

ఈ పాఠానికి ప్రతి పిల్లాణ్ణీ ఇంట్లోంచి ఒక పాతగుడ్డ తెమ్మనండి. అది ఎవరిదో, ఎప్పుడు కట్టుకున్నారో అమ్మమ్మకి ఫోన్ చేసి కనుక్కుని తెలుగులో నాలుగు మాటలు రాయాలి. దబ్బనం మాత్రం పెద్దవాళ్ల చేతిలోనే ఉండనివ్వండి.